సావిత్రీబాయి ఫూలే: కరువులోనూ ప్లేగులోనూ ప్రజల వెంట

పరిచయం

వానలు కురవక పంటలు పోతే దాన్ని కరువు అంటాం. ఒక రోగం ఊరూరా పాకి మనుషుల ప్రాణాలు తీస్తే దాన్ని మహమ్మారి అంటాం. ఈ రెండూ ప్రకృతి వల్ల మొదలవుతాయి. కాని ఎంతమంది చనిపోతారు, ఎవరు ముందు చనిపోతారు అన్నది ప్రకృతి ఒక్కటే నిర్ణయించదు. ప్రభుత్వం ఏం చేసింది, వ్యాపారులు ఏం చేశారు, ఇరుగుపొరుగు వారు ఏం చేశారు అన్నదాని మీద కూడా అది ఆధారపడి ఉంటుంది.

సావిత్రీబాయి ఫూలే పేరు మీరు వినే ఉంటారు. ఆడపిల్లలకు చదువు చెప్పిన తొలి తరం భారతీయ ఉపాధ్యాయినిగా ఆమె అందరికీ తెలుసు. ఆమె జీవితంలో అంతగా తెలియని మరొక భాగం ఉంది. ఆమె ఒక పెద్ద కరువులో, ఒక పెద్ద మహమ్మారిలో బాధితుల మధ్య ఉండి పనిచేశారు. రెండవ దానిలో ప్రాణం కోల్పోయారు. ఈ పాఠంలో ఆ భాగాన్ని తెలుసుకొందాం.

ఉద్దేశాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:

- సావిత్రీబాయి ఫూలే జీవితంలోని ముఖ్య ఘట్టాలను వరుసగా చెప్పగలుగుతారు.
- 1876–78 నాటి కరువులో ప్రభుత్వం, వ్యాపారులు, ప్రజాసంఘాలు ఎలా వ్యవహరించాయో వివరించగలుగుతారు.
- 1896–97 నాటి ప్లేగు నివారణ చర్యలను ప్రజలు ఎందుకు వ్యతిరేకించారో కారణాలు తెలుపగలుగుతారు.
- విపత్తులో అధికారానికీ, ప్రజల నమ్మకానికీ ఉన్న సంబంధాన్ని మీ ప్రాంతపు అనుభవంతో పోల్చి చూడగలుగుతారు.

1. బాల్యం, చదువు, తొలి పోరాటం

సావిత్రీబాయి 1831 జనవరి 3న మహారాష్ట్రలోని సతారా జిల్లా నాయ్‌గావ్‌లో ఒక రైతు కుటుంబంలో పుట్టారు. 1840లో, తొమ్మిదేళ్ళ వయసులో, ఆమెకు జ్యోతిరావు ఫూలేతో పెళ్ళయింది. అప్పటికి ఆమెకు అక్షరం రాదు. పెళ్ళయిన తరువాత భర్తే ఆమెకు చదువు నేర్పారు. ఆ తరువాత ఆమె ఉపాధ్యాయ శిక్షణ కూడా పొందారు.

1848లో ఫూలే దంపతులు పుణెలోని భిడేవాడాలో బాలికలకు బడి తెరిచారు. శూద్రులు, దళితులు, ఆడపిల్లలు చదవడం ఆ రోజుల్లో చాలామంది పెద్దలకు గిట్టలేదు. బడికి వెళ్ళే దారిలో సావిత్రీబాయి మీద బురద, పేడ చల్లేవారు. ఆమె సంచిలో మరో చీర పెట్టుకొని వెళ్ళి, బడికి చేరాక మార్చుకొని పాఠం చెప్పేవారట. ఊరి పెద్దల ఒత్తిడికి లొంగి జ్యోతిరావు తండ్రి దంపతులను ఇంట్లో నుంచి పంపివేశారు. అప్పుడు వారికి ఆశ్రయం ఇచ్చినది ఉస్మాన్ షేక్ కుటుంబం. ఆ ఇంటి ఆడపడుచు ఫాతిమా షేక్ సావిత్రీబాయితో కలిసి పాఠాలు చెప్పారు.

తరువాతి కాలంలో ఈ దంపతులు దిక్కులేని వితంతువులు పురుడు పోసుకోవడానికి తమ ఇంట్లోనే చోటు కల్పించారు. 1868లో తమ ఇంటి నీటితొట్టిని అంటరానివారుగా చూడబడుతున్న వారికి తెరిచారు. 1873లో జ్యోతిరావు సత్యశోధక సమాజాన్ని స్థాపించారు.

ఈ వివరాలను ఇక్కడ ఎందుకు చెబుతున్నామో గమనించండి. కరువు వచ్చిన రోజున కొత్తగా బయలుదేరిన వారు కారు వీరు. పేదల వాడల్లో వీరికి అప్పటికే పాతికేళ్ళ పరిచయం ఉంది. ఆ పరిచయమే తరువాత పనికివచ్చింది.

2. 1876–78 నాటి మహా కరువు

1876లో దక్కను పీఠభూమిలో వానలు తప్పిపోయాయి. బొంబాయి, మద్రాసు రాజధానులు, మైసూరు, హైదరాబాదు సంస్థానాలు కరువులో చిక్కుకొన్నాయి. మన తెలుగునాట కర్నూలు, కడప జిల్లాలు, వాటిని ఆనుకొని ఉన్న బళ్ళారి ప్రాంతం తీవ్రంగా దెబ్బతిన్నాయి. తెలుగు సంవత్సరం పేరునుబట్టి రాయలసీమ పెద్దలు దీన్ని ధాత కరువు అన్నారు. బ్రిటిషు పాలిత ప్రాంతాల్లోనే 50 లక్షలకు పైగా జనం చనిపోయారని అంచనా.

2.1 వ్యాపారులు

అప్పటికి రైలు మార్గాలు వచ్చాయి. ధాన్యాన్ని ఒకచోటి నుంచి మరొకచోటికి తరలించడం కష్టమేమీ కాదు. కాని రైతుకూలీకి పని లేదు. పని లేక చేతిలో డబ్బు లేదు. డబ్బు లేనివాడి ఊరికి వచ్చిన ధాన్యం కూడా అతని కుండలోకి రాదు. వ్యాపారులు ధర ఎక్కువ పలికే చోటికే ధాన్యాన్ని పంపారు. దేశం కరువులో ఉండగానే ధాన్యం విదేశాలకు ఎగుమతి అయింది.

పుణె, అహ్మద్‌నగర్ జిల్లాల్లో అప్పుల బాధ అంతకు ముందే ఉంది. 1875లో సూపా గ్రామంలో మొదలై ఆ జిల్లాల రైతులు షావుకార్ల మీద తిరగబడి అప్పు పత్రాలను తగులబెట్టారు. ఆ మంట ఆరకముందే కరువు వచ్చింది.

2.2 ప్రభుత్వం

వైస్రాయి లిట్టన్ ప్రభుత్వం ధాన్యం వ్యాపారంలో జోక్యం చేసుకోరాదని నిశ్చయించుకొంది. కరువు పనులు పెట్టింది కాని, ఖర్చు తగ్గించాలని చూసింది. 1877లో రిచర్డ్ టెంపుల్ సలహా మేరకు కరువు పనిలో ఉన్న మగమనిషికి రోజుకు ఒక పౌను, అంటే సుమారు 450 గ్రాముల ధాన్యం, కొద్దిపాటి చిల్లరగా కూలి కుదించారు. రాళ్ళు కొట్టే మనిషికి అది చాలదని మద్రాసు ఆరోగ్య శాఖాధికారి కార్నిష్ అభ్యంతరం తెలిపారు. బొంబాయి రాజధానిలో వేలాది మంది ఈ కూలికి చేయలేమని పనులు వదిలి వెళ్ళారు. పుణె సార్వజనిక సభ వారి తరఫున అర్జీలు పెట్టింది.

2.3 ప్రజాసంఘాలు

ఇదే సమయంలో సత్యశోధక సమాజం కార్యకర్తలు పల్లెల్లోకి వెళ్ళారు. చందాలు పోగుచేశారు. పుణె దగ్గర ధనకవడిలో కరువు పిల్లల కోసం అన్నశాల నడిపారు. ఇలాంటివి 52 నడిచాయని ఫూలే దంపతుల జీవిత చరిత్రలు చెబుతాయి.

సావిత్రీబాయి జున్నరు ప్రాంతంలో తిరిగారు. ఓతూరు నుంచి 1877 ఏప్రిల్‌లో ఆమె జ్యోతిరావుకు ఒక ఉత్తరం రాశారు. మేత, నీరు లేక పశువులు చచ్చిపోతున్నాయనీ, కొందరు తల్లిదండ్రులు బిడ్డలను అమ్ముకొంటున్నారనీ, ఊళ్ళు విడిచి పోతున్నారనీ అందులో తెలిపారు. షావుకార్లు కరువును అదునుగా తీసుకొంటున్నారనీ, గొడవలు చెలరేగాయనీ రాశారు.

ఆ గొడవల్లో ఒక చిక్కు వచ్చింది. షావుకార్లను దోచారన్న నేరం మోపి సుమారు 50 మంది సత్యశోధక కార్యకర్తలను పట్టుకొన్నారు. సావిత్రీబాయి కలెక్టరు ఎదుటికి వెళ్ళి, తమవారు చేస్తున్నది సహాయమే తప్ప దోపిడీ కాదని వాదించారు. కలెక్టరు ఆమె మాట విన్నాడు. కార్యకర్తలను విడిచిపెట్టించాడు. పైగా నాలుగు ఎడ్లబండ్ల జొన్నలు పంపించాడు.

ఈ సంఘటన గురించి కొంచెం ఆలోచించండి. ప్రభుత్వం చేతిలో ధాన్యం ఉంది, అధికారం ఉంది. కాని ఏ ఇంట్లో పొయ్యి వెలగలేదో దానికి తెలియదు. కార్యకర్తలకు ప్రతి ఇల్లూ తెలుసు, కాని వారి దగ్గర ధాన్యం లేదు. ఆ నాలుగు బండ్లు ఈ రెంటినీ కలిపాయి. సహాయం చేసేవారిని దొంగలుగా అనుమానించినంత కాలం ఆ బండ్లు కదలలేదన్నది కూడా గుర్తుంచుకోండి.

కరువు తరువాత ప్రభుత్వం 1880లో కరువు కమిషన్ నివేదికను తీసుకొంది. 1883లో కరువు నియమావళి తయారయింది. కరువును ముందుగా ఎలా గుర్తించాలి, పనులు ఎప్పుడు తెరవాలి, పనిచేయలేని వారికి ఉచిత సహాయం ఎలా ఇవ్వాలి అన్నవి అందులో చేరాయి. నియమాలు వచ్చాయి. అవి రావడానికి ముందు లక్షల ప్రాణాలు పోయాయి.

పాఠగత ప్రశ్నలు – 1

ఖాళీలను పూరించండి.
అ) 1876 నాటి కరువును రాయలసీమలో ________ కరువు అన్నారు.
ఆ) సావిత్రీబాయి 1877లో ________ నుంచి జ్యోతిరావుకు ఉత్తరం రాశారు.
ఇ) కరువు నియమావళి తయారయిన సంవత్సరం ________.

3. భర్త మరణం, సంఘ నాయకత్వం

ఫూలే దంపతులకు పిల్లలు లేరు. తమ ఆశ్రయంలో పురుడు పోసుకొన్న ఒక బ్రాహ్మణ వితంతువు కొడుకును దత్తత తీసుకొని యశ్వంత్ అని పేరు పెట్టారు. అతడు పెద్దవాడై వైద్యుడయ్యాడు.

1890 నవంబరు 28న జ్యోతిరావు చనిపోయారు. దత్తపుత్రునికి తలకొరివి పెట్టే హక్కు లేదని బంధువులు అడ్డుపడ్డారు. సావిత్రీబాయి స్వయంగా నిప్పుకుండ పట్టుకొని ముందు నడిచి, చితికి నిప్పు పెట్టారు. ఆ తరువాత సత్యశోధక సమాజ బాధ్యతను తన మీద వేసుకొన్నారు. 1893లో సాస్వడ్‌లో జరిగిన సమాజ మహాసభకు అధ్యక్షత వహించారు.

4. ప్లేగు

1896 సెప్టెంబరులో బొంబాయి మాండ్వీ ప్రాంతంలో ప్లేగును డాక్టర్ అకాసియో వీగాస్ గుర్తించారు. రోగికి తీవ్రమైన జ్వరం, చంకల్లో గజ్జల్లో గడ్డలు వచ్చేవి. చాలామంది కొద్ది రోజుల్లోనే చనిపోయేవారు. ఈ రోగపు సూక్ష్మజీవిని 1894లోనే కనుగొన్నారు. కాని అది ఎలుకల మీది గోమార్ల ద్వారా మనుషులకు సోకుతుందని పాల్ లూయీ సిమోన్ 1898లో చూపేదాకా తెలియదు. అందువల్ల 1897లో వైద్యులు కూడా కొంతవరకు చీకటిలోనే పనిచేశారు.

4.1 వ్యాపారం మీద దెబ్బ

1897 ఫిబ్రవరి నాటికి బొంబాయి జనాభాలో సగానికి దగ్గరగా జనం ఊరు విడిచిపోయారు. బట్టల మిల్లులకు కూలీలు దొరకలేదు. నెల జీతం ఆలస్యంగా ఇచ్చే యజమానులు ఏ రోజు కూలి ఆ రోజే ఇస్తామని మనుషులను పిలవవలసి వచ్చింది. భారతదేశపు ఓడలను, సరుకులను తమ రేవులకు రానివ్వబోమని యూరపు దేశాలు ఒత్తిడి తెచ్చాయి. ప్రభుత్వం అంత హడావుడిగా కఠిన చర్యలకు దిగడానికి ప్రజల ప్రాణాలతో పాటు వ్యాపార భయం కూడా ఒక కారణం.

మిల్లు కార్మికులను సంఘటితం చేసిన సత్యశోధక నాయకుడు నారాయణ మేఘాజీ లోఖండే కూడా ఆ ఫిబ్రవరిలోనే ప్లేగుకు బలయ్యారు.

4.2 ప్రభుత్వ చర్యలు

1897 ఫిబ్రవరి 4న అంటువ్యాధుల చట్టం వచ్చింది. ప్రయాణికులను ఆపి పరీక్షించడానికి, ఇళ్ళు సోదా చేయడానికి, రోగులను వేరు చేయడానికి అధికారులకు విస్తృత అధికారాలు లభించాయి. పుణెలో డబ్ల్యు.సి. రాండ్ అనే అధికారికి ప్లేగు నివారణ బాధ్యత అప్పగించారు. మార్చి నెల మధ్య నుంచి తెల్ల సైనికులు ఇళ్ళలోకి వెళ్ళి రోగుల కోసం వెదికారు.

రోగిని వేరుచేయడం, ఇల్లు శుభ్రం చేయడం తప్పు పనులు కావు. జరిగిన తీరే జనాన్ని గాయపరిచింది. ఆడవారిని వీధిలో నిలబెట్టి పరీక్షించడం, పూజగదుల్లోకి బూట్లతో వెళ్ళడం, సామాన్లు తగులబెట్టడం వంటివి కోపాన్ని పెంచాయి. ఫలితంగా జనం రోగులను దాచిపెట్టసాగారు. రోగిని దాచిన ఇంటి నుంచి రోగం మరింత పాకింది. 1897 జూన్ 22 రాత్రి చాపేకర్ సోదరులు రాండ్‌ను కాల్చారు. అతడు తరువాత చనిపోయాడు.

4.3 సావిత్రీబాయి చేసిన పని

పుణెలో ప్లేగు పెరగగానే సావిత్రీబాయి యశ్వంత్‌ను పిలిపించారు. అతడు సైన్యంలో వైద్యుడిగా ఉన్నాడు. సెలవు పెట్టి వచ్చాడు. ఊరి వెలుపల హడప్సర్ దగ్గర ససానే వారి పొలంలో వారు రోగులకు వైద్యశాల తెరిచారు. జనసమ్మర్దం లేని, గాలి ధారాళంగా వీచే చోటు అది. రోగిని ఊరికి దూరంగా ఉంచాలన్నదే అక్కడ కూడా పద్ధతి. అంటే ప్రభుత్వం చేయదలచిన పనినే వారూ చేశారు. అయితే రోగి ఇంటికి వెళ్ళినది సైనికుడు కాదు, ఆ వాడకు తెలిసిన 66 ఏళ్ళ పెద్దామె.

ముండ్వా గ్రామం వెలుపల మహర్ వాడలో ఒక బాలుడికి ప్లేగు సోకిందని ఆమెకు తెలిసింది. అంటరానితనం వల్ల ఆ వాడకు సామాన్య కాలంలోనే సాయం అందదు. ప్లేగు రోజుల్లో ఎవరు వెళతారు? సావిత్రీబాయి వెళ్ళారు. ఆ పిల్లవాణ్ణి వీపు మీద ఎత్తుకొని వైద్యశాలకు చేర్చారు. ఆ సేవలోనే ఆమెకూ ప్లేగు సోకింది. 1897 మార్చి 10న ఆమె కన్నుమూశారు. మరి కొద్ది రోజులకే పుణె వీధుల్లో సైనికుల సోదాలు మొదలయ్యాయి.

యశ్వంత్ ఆ తరువాతి సంవత్సరాల్లోనూ వైద్యసేవ కొనసాగించి 1905లో చనిపోయాడు.

పాఠగత ప్రశ్నలు – 2

సరియైన వాక్యానికి ఒప్పు, కాని దానికి తప్పు అని రాయండి.
అ) ప్లేగు ఎలుకల గోమార్ల వల్ల సోకుతుందని 1897 నాటికే వైద్యులందరికీ తెలుసు.
ఆ) సావిత్రీబాయి, యశ్వంత్ తమ వైద్యశాలను ఊరి వెలుపల తెరిచారు.
ఇ) కఠిన చర్యలకు భయపడి ప్రజలు రోగులను దాచిపెట్టారు.

5. మనం గ్రహించవలసినది

2014లో పుణె విశ్వవిద్యాలయానికి సావిత్రీబాయి పేరు పెట్టారు. 1897 నాటి అంటువ్యాధుల చట్టాన్ని 2020లో కరోనా సమయంలో మళ్ళీ ప్రయోగించారు. ఆ ఏడాదే వైద్య సిబ్బందిపై దాడులు చేసేవారిని శిక్షించేలా దాన్ని సవరించారు.

ఆమె జీవితాన్ని త్యాగానికి ఉదాహరణగా చెప్పుకోవడం సులభం. కాని అంతటితో ఆగితే మనకు నష్టం. ఒక్క మనిషి వీపు మీద ఎంతమంది రోగులను మోయగలరు? 52 అన్నశాలలు నడిచినా లక్షల మంది ఆకలి తీరలేదు. అంత పెద్ద పనికి ప్రభుత్వ వనరులు కావాలి. అయితే ఆ వనరులు చివరి ఇంటి దాకా చేరాలంటే, ఆ ఇంటివారు తలుపు తీసే మనిషి కావాలి. ఆ నమ్మకం విపత్తు వచ్చిన రోజున పుట్టదు. సావిత్రీబాయి విషయంలో అది 1848 నాటి బడిలో మొదలయింది.

మీరు ఏమి నేర్చుకొన్నారు?

- కరువులో ఆహారం లేకపోవడంతో పాటు, దాన్ని కొనే శక్తి లేకపోవడం కూడా మరణాలకు కారణం.
- వైద్యపరంగా సరియైన చర్య కూడా ప్రజలను అవమానిస్తే విఫలమవుతుంది.
- ప్రభుత్వ వనరులు, ప్రజాసంఘాల పరిచయం కలిసినప్పుడే సహాయం చివరివారికి అందుతుంది.

కఠిన పదాలు – అర్థాలు

సోదా = వెదకడం, తనిఖీ
అదును = అనుకూల సమయం
గోమారు = పశువులను, ఎలుకలను పట్టి రక్తం పీల్చే చిన్న పురుగు
జనసమ్మర్దం = జనం కిక్కిరిసి ఉండటం

పాఠాంత ప్రశ్నలు

1. రైలు మార్గాలు ఉన్నా 1876–78లో పేదలకు ధాన్యం ఎందుకు అందలేదు?
2. కలెక్టరు పంపిన నాలుగు బండ్ల జొన్నల సంఘటన నుంచి మీరు ఏమి గ్రహించారు?
3. ప్లేగు కాలంలో సైనికుల సోదాలను, సావిత్రీబాయి వైద్యశాలను పోల్చి 15 వాక్యాల్లో రాయండి.
4. మీ ఊరిలో వచ్చిన ఒక తుపాను, వరద లేదా కరువు గురించి పెద్దలను అడగండి. ముందుగా సాయానికి వచ్చింది ఎవరు? సాయం అందరికన్నా ఆలస్యంగా ఏ వాడకు చేరింది? ఎందుకు? ఒక పేజీ రాయండి.

పాఠగత ప్రశ్నలకు జవాబులు

1. అ) ధాత ఆ) ఓతూరు ఇ) 1883
2. అ) తప్పు ఆ) ఒప్పు ఇ) ఒప్పు