జిర్కోనియాన్ని నమ్ముకున్న అడ్మిరల్

మన బడిలో చదివినవాళ్ళు కొందరు హైదరాబాదు న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్‌లో ఉద్యోగాలు చేశారు. అక్కడ ఏం చేస్తారని అడిగితే గొట్టాలు చేస్తామని చెప్పి ఊరుకునేవారు. యురేనియం బిళ్ళలను నింపే ఆ సన్నని గొట్టాల లోహం జిర్కలాయ్. దాన్ని పట్టుబట్టి పుట్టించినవాడు హైమన్ రికోవర్ అనే అమెరికా నౌకాదళ అధికారి. ఈ సంచికకు ఏదైనా రాయమన్నప్పుడు నాకు ఆయనే గుర్తొచ్చాడు.

రికోవర్ 1900లో, రష్యా ఏలుబడిలో ఉన్న పోలండులో, ఒక యూదు దర్జీ ఇంట పుట్టాడు. చిన్నతనంలోనే కుటుంబం అమెరికాకు వలసపోయింది. షికాగోలో హైస్కూలు చదువుతూ టెలిగ్రాములు బట్వాడా చేసి ఇంటికి నాలుగు డబ్బులు తెచ్చేవాడు. అక్కడి కాంగ్రెస్ సభ్యుడి సిఫారసుతో నేవల్ అకాడమీలో చేరి 1922లో బయటికొచ్చాడు. తరవాత కొలంబియాలో ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ చదివాడు.

1946లో ఓక్ రిడ్జ్‌కు పంపితే అక్కడ అణుశాస్త్రం నేర్చుకుని, జలాంతర్గామిని రియాక్టరుతో నడపాలని నిశ్చయించుకున్నాడు. ఇంధనానికి తొడుగు కావాలి. ఆ తొడుగు న్యూట్రాన్లను మింగకూడదు, మరిగే వేడిని మించిన నీళ్ళలో ఏళ్ళ తరబడి నానినా తినిపోకూడదు. జిర్కోనియం న్యూట్రాన్లను మింగుతుందని అప్పటిదాకా అనుకునేవారు. తప్పు దానిది కాదు, దానితో కలిసి ఉండే హాఫ్నియానిదని ఓక్ రిడ్జ్‌లో తేలింది. అయితే హాఫ్నియం తీసేసిన జిర్కోనియం అప్పుడు చేతికి ఎత్తి చూపించేంత కూడా లేదు. అయినా రికోవర్ దాన్నే ఎంచుకున్నాడు. నాకు ఇది సాహసం కన్నా మొండితనం అనే అనిపిస్తుంది.

టన్నుల లెక్కన చేయడం మొదలుపెట్టాక అసలు చిక్కు బయటపడింది. మంచి జిర్కోనియం మీద వేడినీళ్ళలో నల్లని పలుచని ఆక్సైడ్ పొర ఏర్పడి, అదే లోహాన్ని కాపాడుతుంది. అందులో నైట్రోజన్ రవ్వంత చేరినా పొర తెల్లబడి పెచ్చులు రాలుతుంది. తగరం కలిపితే ఆ నైట్రోజన్ దోషం విరుగుతుందని కనిపెట్టారు. ఇత్తడి గిన్నెకు కళాయి పెట్టేదీ తగరంతోనే కదా! కాకపోతే అక్కడ అది పైపూత, ఇక్కడ లోహంలోనే కలిసిపోతుంది. రెండున్నర శాతం తగరంతో జిర్కలాయ్-1 తయారైంది. కొన్నాళ్ళు బాగానే ఉన్నట్టుంది గాని, పరీక్ష సాగేకొద్దీ తుప్పు వేగం తగ్గాల్సింది తగ్గలేదు.

ఈలోగా ఒక కరుగులో పొరపాటున స్టెయిన్‌లెస్ స్టీలు ముక్క పడింది. పాడైందనుకున్న ఆ లోహమే మిగతావాటికన్నా బాగా నిలిచింది. ఇనుము, క్రోమియం, నికెల్ చేసిన మేలది. తగరాన్ని ఒకటిన్నర శాతానికి తగ్గించి, ఈ మూడింటినీ మొత్తం మూడో వంతు శాతం కూడా మించకుండా కలిపారు. అదే జిర్కలాయ్-2. జలాంతర్గామి కట్టడం మొదలైపోయింది, గడువు దగ్గరపడింది, దీర్ఘకాల పరీక్షలు ఇంకా అవలేదు. లోపల ఉండబోయేది వందమంది నావికులు. 1952లో రికోవర్ జిర్కలాయ్-2కే మొగ్గాడు. ఆ రోజుల్లోనే పై అధికారులు ఆయనకు పదోన్నతి రెండుసార్లు నిరాకరించారు. కాంగ్రెస్ కల్పించుకున్నాక 1953లో రియర్ అడ్మిరల్ అయ్యాడు.

నాటిలస్ 1955 జనవరి 17న అణుశక్తితో కదిలింది. 1958 ఆగస్టులో ఉత్తర ధ్రువం మంచు కిందుగా దాటింది. 1957లో మొదలైన షిప్పింగ్‌పోర్ట్ విద్యుత్కేంద్రం కూడా ఆయన పర్యవేక్షణలో కట్టిందే, అందులోనూ జిర్కలాయే.

లోహంతో పని అంతటితో అయిపోలేదు. నీటికీ జిర్కోనియానికీ చర్య జరిగితే హైడ్రోజన్ పుడుతుంది. అది లోహంలోకి ఇంకితే లోహం పెళుసెక్కుతుంది. ఇంకేలా చేసేది నికెల్ అని తేలాక దాన్ని తీసేసి, ఇనుము కాస్త పెంచి జిర్కలాయ్-4 చేశారు. మనవాళ్ళు భారజల రియాక్టర్లకు గొట్టాలు చేసింది దీనితోనే.

రికోవర్‌తో పనిచేయడం సుఖం కాదు. ఇంటర్వ్యూకు వచ్చినవాళ్ళను ముందు కాళ్ళు కోసి పొట్టిచేసిన కుర్చీలో కూర్చోబెట్టేవాడట. కాంట్రాక్టరు కంపెనీ నుంచి కానుకలు తీసుకున్నందుకు 1985లో మందలింపూ పొందాడు. బడులంటే మాత్రం పట్టింపు ఎక్కువ. అమెరికాలో చదువు పలుచనైపోతోందని పుస్తకాలు రాశాడు. 63 ఏళ్ళు కొలువు చేసి 1982లో, ఇష్టం లేకుండానే, పదవి వదిలాడు. మరుసటి ఏడే హైస్కూలు పిల్లలకు విజ్ఞానశాస్త్రం నేర్పే సంస్థ పెట్టాడు. 1986 జులై 8న కన్నుమూశాడు.