రహీము సాహెబుగారు

మధురవాడ మైదానమున క్రికెట్టు పందెములు జరుగుట చూచుచు పెరుగు మన బాలురకు ఆ యాటలోని వీరుల పేర్లు కంఠస్థములు. బడిపంతులుగా నుండి ఫుట్‌బాల్ ఆటలో దేశమునకే గురువైన సయ్యద్ అబ్దుల్ రహీముగారి చరిత్రమును గూడ వారెరుంగుట మంచిదని తలంచి దీనిని వ్రాయుచున్నాము.

రహీముగారు 1909వ సంవత్సరమున జన్మించిరి. హైదరాబాదు ఉస్మానియా విశ్వవిద్యాలయమున పట్టభద్రులై, ఆ జట్టున ఆడి పేరొందిరి. పిమ్మట కాచిగూడ, చాదర్‌ఘాటు పాఠశాలలలో ఉపాధ్యాయులుగా పనిచేసి, వ్యాయామవిద్యలో డిప్లొమా సంపాదించిరి. వారు శిక్షణ నిచ్చిన హైదరాబాదు నగర పోలీసు జట్టు 1950 మొదలు 1954 వరకు ఏటేట బొంబాయి రోవర్సు కప్పును గెలిచెను.

వారిది బోధకుని పద్ధతి. బంతిని తన కాలికడనే ఉంచుకొనక తోడివానికి అందించుట బాలురు నేర్చుటకై ప్రత్యేకముగా పందెములు పెట్టించిరి. వాటము లేని కాలితోనే ఆడవలెనను నియమముతో మరికొన్ని జరిపించిరి. సికిందరాబాదు వాడైన తులసీదాసు బలరాము పేదరికముచే అభ్యాసమునకు రాజాలకుండగా, సైకిలు అద్దెకు తామే పైక మిచ్చిరి. ఆ బాలుడే 1956లో ఒలింపిక్ జట్టున చేరెను.

1951లో ఢిల్లీ ఆసియా క్రీడలలో రహీముగారి శిక్షణలో మన జట్టు స్వర్ణపతకము గెలిచెను. మరుసటి యేట హెల్సింకి ఒలింపిక్ క్రీడలలో యుగోస్లావియా చేతిలో 10-1 గోలులతో ఓడెను. మనవారిలో పెక్కండ్రు ఆనాడు వట్టికాళ్ళతో ఆడిరి. రహీముగారు ఆ పరాభవమునకు క్రుంగక దానినొక పాఠముగా గైకొనిరి. ఆ పిమ్మట మనవారు బూట్లు తొడిగి ఆడుట నేర్చిరి. 1956లో మెల్బోర్నులో ఆస్ట్రేలియాను 4-2 గోలులతో ఓడించి నాలుగవ స్థానము పొందిరి. అంతకు ముందు ఒలింపిక్ ఫుట్‌బాలున ఏ ఆసియా దేశమును అంతదూరము పోలేదు.

1962లో జకార్తా ఆసియా క్రీడల నాటికి రహీముగారిని క్యాన్సరు వ్యాధి పీడించుచుండెను. మొదట దక్షిణ కొరియా మనవారిని 2-0 గోలులతో ఓడించెను. అంత్యపందెమున మరల ఆ జట్టే ఎదురయ్యెను. తలకు కుట్లుపడిన రక్షకుడు జర్నైల్ సింగును రహీముగారు ముందువరుసన నిలిపిరి. అతడు గోలు చేసెను. భారతదేశము 2-1 గోలులతో గెలిచెను. తరువాత 2023 వరకు జరిగిన ఆసియా క్రీడలలో మన పురుషుల జట్టునకు ఆ పతకము మరల దక్కలేదు.

1963 జూన్ 11వ తేదీన రహీముగారు కాలధర్మము నొందిరి. ఓడివచ్చిన దినమున తోడివానిని నిందింపక, ఏ లోపమువలన ఓడితిమో విచారించి, మరునాడు మైదానమునకు పోవుటయే వారి జీవితమునుండి మన విద్యార్థులు నేర్వదగినదని మా తలంపు.