అంతంలేని రాజ్యానికి పండుగ పెట్టిన పోపుగారు



ఆగమనకాలం మొదలవడానికి ముందు ఆదివారం మన విచారణలన్నిటిలో క్రీస్తురాజు మహోత్సవం జరుపుకుంటాం. జగిత్యాలలో ఉన్నా, కోరుట్లలో ఉన్నా, సిరిసిల్లలో ఉన్నా ఆ రోజు మీరు కొత్త బట్టలు కట్టుకుని పూజకు వస్తారు, రాజుకు జయజయధ్వానాలు పలుకుతారు. ఆ పండుగ ఎక్కడినుంచి వచ్చిందో, దాన్ని ఎవరు పెట్టారో ఎప్పుడైనా ఆలోచించారా?

ఒక ఏడాది ఈ పండుగ దగ్గరపడుతున్న రోజుల్లో ఒక తల్లి నా దగ్గరకు వచ్చింది. ఆమె బీడీలు చుడుతుంది, భర్త మస్కట్‌లో కూలిపని చేస్తున్నాడు. బస్టాండులో ఎవరో ఇచ్చిన కరపత్రం ఆమె చేతిలో ఉంది. అందులో లోకాంతానికి తేదీ వేసి ఉంది. కూతురికి ఇంటర్ ఫీజు కట్టాలా, లేక ఆ డబ్బు పెట్టి భర్తను ఇంటికి పిలిపించుకోవాలా అని ఆమె అడిగింది. అందరం కలిసి ఒకచోట చస్తే చాలు ఫాదర్ అంది. నాకు నవ్వు రాలేదు. ఆమె భయం నిజమైనది. ఫీజు కట్టమ్మా అని మాత్రం చెప్పి పంపాను. ఆమెకు నేను బాకీపడిన పూర్తి జవాబును ఒక పోపుగారి జీవితం ద్వారా ఇవాళ మీ అందరికీ చెబుతాను.

ఆయన పేరు అకిల్లే రాత్తి. 1857 మే 31న ఉత్తర ఇటలీలో మిలాను నగరం దగ్గర దేసియో అనే ఊరిలో పుట్టారు. తండ్రి ఫ్రాన్సిస్కో పట్టు మిల్లులో మేనేజరు. నూలు, మగ్గం, కూలి లెక్కలు ఆ పిల్లవాడు చిన్ననాటినుంచే చూశాడు. సాంచెల చప్పుడు మధ్య పెరిగిన సిరిసిల్ల పిల్లలకు అలాంటి బాల్యం కొత్తేమీ కాదు.

1879లో ఆయన రోములో గురుపట్టాభిషేకం పొందారు. తత్వశాస్త్రంలో, వేదాంతంలో, శ్రీసభ చట్టంలో డాక్టరేట్లు సంపాదించారు. కొన్నాళ్లు సెమినరీలో పాఠాలు చెప్పి, 1888లో మిలానులోని అంబ్రోసియన్ గ్రంథాలయంలో చేరారు. పాత చేతిరాత ప్రతుల మధ్య ఇరవై ఏళ్లకు పైగా గడిపారు. ఆ తర్వాత వత్తికాను గ్రంథాలయానికి అధిపతి అయ్యారు. పుస్తకాల మనిషి అనుకుంటే పొరపాటు. ఆయన కొండలెక్కడంలో దిట్ట. 1889లో నాలుగు వేల ఆరు వందల మీటర్లు దాటిన మోంతె రోసా శిఖరాన్ని అత్యంత ప్రమాదకరమైన తూర్పు వైపునుంచి ఎక్కారు. శిఖరం దగ్గర చీకటి పడితే, తోటివారితో కలిసి ఇరుకైన బండ అంచుమీద గడ్డకట్టే చలిలో రాత్రంతా గడిపారు. తెల్లవారేదాకా కాలు కదపకుండా కాచుకోవడం ఆయన అక్కడ నేర్చుకున్నారు.

అరవై ఏళ్ల వయసులో ఆయన జీవితం మలుపు తిరిగింది. 1918లో పోపుగారు ఆయనను పోలెండుకు పంపారు. 1920 ఆగస్టులో రష్యా ఎర్రసైన్యం వార్సా నగర పొలిమేరల దాకా వచ్చింది. ఇతర దేశాల రాయబారులు చాలామంది మూటాముల్లె సర్దుకుని వెళ్లిపోయారు. రాత్తిగారు కదలలేదు. లోకం అంతమవుతోందని జనం వణికిన ఆ రోజుల్లో ఆయన ప్రజల మధ్యే ఉండిపోయారు. నగరం నిలిచింది.

1921లో మిలాను అగ్రపీఠాధిపతి, కార్డినలు అయ్యారు. 1922 ఫిబ్రవరి 6న పద్నాలుగో ఓటింగులో పోపుగా ఎన్నికై, పదకొండవ పయస్ అనే పేరు తీసుకున్నారు. 1870లో ఇటలీ సైన్యం రోమును పట్టుకున్నప్పటినుంచి ఏ కొత్త పోపూ పునీత పేతురు దేవాలయం బయటి బాల్కనీ నుంచి జనాన్ని దీవించలేదు. పోపులు వత్తికానులో బందీల్లా బతికారు. ఈయన ఎన్నికైన రోజే బయటి బాల్కనీలోకి వచ్చి, ఆ నగరాన్నీ లోకాన్నీ దీవించారు.

అది ఎలాంటి కాలమో ఒకసారి గుర్తు చేసుకోండి. మొదటి ప్రపంచ యుద్ధం లక్షలాది ఇళ్లలో దీపాలు ఆర్పింది. రష్యా, జర్మనీ, ఆస్ట్రియా చక్రవర్తుల సింహాసనాలు కూలిపోయాయి. ఖాళీ అయిన ఆ చోట్లలో కూర్చోవడానికి కొత్త నాయకులు బయలుదేరారు. 1922 అక్టోబరులో ముస్సోలిని రోములో అధికారం చేపట్టాడు. మనిషి ఒంటినీ మనసునూ ఆత్మనూ మొత్తం మాకే అప్పగించండి అన్నది ఆ కొత్త నాయకుల ధోరణి.

దానికి పోపుగారు ఇచ్చిన జవాబు ఒక పండుగ. నిసయ మహాసభ జరిగి 1600 ఏళ్లు నిండిన 1925 పుణ్య సంవత్సరం ముగుస్తుండగా, డిసెంబరు 11న క్వాస్ ప్రీమాస్ అనే విశ్వలేఖ రాసి క్రీస్తురాజు మహోత్సవాన్ని స్థాపించారు. క్రీస్తుకు రాజ్యాధికారం రెండు విధాలుగా ఉందని ఆయన బోధించారు. మన మాటల్లో చెప్పాలంటే, ఆయన దేవుని కుమారుడు గనుక సృష్టి అంతా ఆయనకు పిత్రార్జితం. సిలువమీద రక్తం ధారపోసి మనలను కొన్నాడు గనుక మనం ఆయనకు స్వార్జితం కూడా. చట్టం చేసే అధికారం, తీర్పు చెప్పే అధికారం, తీర్పును అమలు చేసే అధికారం మూడూ ఆయనవే. రాజులైనా మంత్రులైనా ఆయన ముందు జవాబుదారులే. అయినా ఆ రాజ్యం కత్తితో గెలిచేది కాదు, హృదయాల్లో మొదలయ్యేది.

ఈ పండుగ పేరుమీద రక్తం చిందడానికి ఎన్నాళ్లో పట్టలేదు. మెక్సికోలో ప్రభుత్వం శ్రీసభను అణచివేసింది. దొంగచాటుగా ఇల్లిల్లూ తిరిగి సత్ప్రసాదం పంచిన మిగ్వెల్ ప్రో అనే యేసుసభ గురువును 1927 నవంబరు 23న విచారణ లేకుండా కాల్చి చంపారు. ముప్పై ఆరేళ్ల ఆ గురువు చేతులు సిలువలా చాచి, క్రీస్తురాజుకు జై కొట్టి నేలకొరిగాడు.

ఈ పోపుగారికీ మన ప్రాంతానికీ ఒక బంధం ఉంది. మిలానులో పుట్టిన మిషనరీ సంస్థ గురువులు 19వ శతాబ్దం నుంచే హైదరాబాదు రాజ్యంలో సువార్త చెప్పారు. ఆ సంస్థను రోములోని మరో మిషనరీ సెమినరీతో కలిపి 1926లో పీమే సంస్థగా చేసింది పదకొండవ పయస్ గారే. 1952లో వరంగల్ మేత్రాసనం ఏర్పడినప్పుడు మన తొలి పీఠాధిపతి అయిన అల్ఫోన్సో బెరెట్టా గారు కూడా పీమే గురువే. మీ తాతముత్తాతల్లో చాలామందికి జ్ఞానస్నానం ఇచ్చినవారు ఆ సంస్థ గురువులు.

ఈ పోపుగారు తప్పటడుగు వేయని మనిషి అని నేను చెప్పను. ఆయనకు కోపం ఎక్కువ, పట్టుదల ఎక్కువ. 1929లో ముస్సోలిని ప్రభుత్వంతో, 1933లో హిట్లరు ప్రభుత్వంతో ఒప్పందాలు చేసుకున్నారు. శ్రీసభ బడులను, యువజన సంఘాలను కాపాడుకోవచ్చని ఆశించారు. ఆ నియంతలకు అవి గౌరవం తెచ్చిపెట్టాయని విమర్శించేవారు నేటికీ ఉన్నారు, ఆ విమర్శను తోసిపుచ్చలేం. అయితే 1929 ఒప్పందంలో ఒక విషయం గమనించండి. పోపులు వెయ్యేళ్లకు పైగా ఏలిన భూభాగం మీద హక్కు వదులుకుని, ఆయన కేవలం 44 హెక్టార్ల వత్తికానుతో సరిపెట్టుకున్నారు. అంటే సుమారు 109 ఎకరాలు. క్రీస్తు రాజు అని లోకానికి చాటిన మనిషి తనకు పెద్ద రాజ్యం కావాలని అడగలేదు.

నియంతలు మాట తప్పారు. అప్పుడు ముసలి పోపుగారు నోరు విప్పారు. 1931లో ముస్సోలిని కతోలిక యువజన సంఘాలను మూయించినప్పుడు గట్టిగా ఖండించారు. అదే ఏడాది మరో విశ్వలేఖలో, కార్మికునికిచ్చే కూలి అతనికీ అతని కుటుంబానికీ సరిపోయేలా ఉండాలని బోధించారు. పట్టు మిల్లు నీడలో పెరిగిన మనిషి రాసిన ఆ మాటలు సాంచెల కార్మికులకు, బీడీ కార్మికులకు ఇవాళ కూడా అక్కరకొస్తాయి. 1937లో జర్మను భాషలో రాసిన విశ్వలేఖను రహస్యంగా జర్మనీలోకి చేరవేశారు. మట్టల ఆదివారం నాడు అక్కడి కతోలిక దేవాలయాలన్నిటిలో దాన్ని చదివారు. జాతిని, రాజ్యాన్ని దేవుడిగా నిలబెట్టడం విగ్రహారాధన అని ఆ లేఖ సారాంశం. చేతిలో మట్టలు పట్టుకుని దావీదు కుమారునికి హోసన్నా పాడిన జనమే ఆ మాటలు విన్నారు.

1938 మే నెలలో హిట్లరు రోముకు వచ్చాడు. పోపుగారు అతనికి ముఖం చూపలేదు. ముందే కాస్తెల్ గండోల్ఫోకు వెళ్లిపోయారు, వత్తికాను మ్యూజియాలు మూయించారు. పవిత్ర సిలువ పండుగనాడు రోములో క్రీస్తుది కాని వేరొక సిలువ ఎగురుతోందని బాధపడ్డారు. అదే సంవత్సరం సెప్టెంబరులో బెల్జియం యాత్రికులతో మాట్లాడుతూ, అబ్రహాము మనకు విశ్వాసంలో తండ్రి గనుక యూదుల మీద ద్వేషం క్రైస్తవునికి తగదని కన్నీళ్లతో చెప్పారు. 1939 ఫిబ్రవరి 11న ఇటలీ పీఠాధిపతుల ముందు మాట్లాడటానికి ప్రసంగం సిద్ధం చేసుకుని, ఆ ఒక్కరోజు వరకు తనను బతికించమని వైద్యులను వేడుకున్నారు. ముందురోజే, ఫిబ్రవరి 10 తెల్లవారుజామున, 81 ఏళ్ల వయసులో ప్రభువులో నిద్రించారు.

ఆయన తర్వాత మరో మార్పు జరిగింది. ఆయన ఈ పండుగను అక్టోబరు చివరి ఆదివారానికి పెట్టారు. 1969లో ఆరవ పౌలు పోపుగారు దాన్ని దైవార్చన సంవత్సరపు చివరి ఆదివారానికి మార్చారు. అలా ఈ పండుగ లోకాంతాన్ని గూర్చిన మన నమ్మికతో గట్టిగా ముడిపడింది. ఆనాటి సువిశేష పఠనాలు మూడేళ్లకొకసారి తిరిగి వస్తాయి. ఒక ఏడాది ప్రభువు పిలాతు ముందు బంధితుడిగా నిలబడతాడు. మరో ఏడాది సిలువమీద వేలాడుతూ దొంగకు పరలోకం ఇస్తాడు. ఇంకో ఏడాది తన మహిమతో, సకల దూతలతో వచ్చి సింహాసనంపై కూర్చుంటాడు. ముగ్గురూ ఒకే రాజు అని తెలుసుకుంటే భయం సగం తీరిపోతుంది. దర్శన గ్రంథంలో యోహానుగారు సింహాసనం దగ్గర చూసింది వధింపబడిన గొర్రెపిల్లనే.

అందుచేత ఆ తల్లికి నా పూర్తి జవాబు ఇది. అమ్మా, వచ్చేవాడు అపరిచితుడు కాడు, నీ కోసం చేతులకు మేకులు కొట్టించుకున్నవాడు. ఆయన వచ్చే దినం తండ్రికి తప్ప ఎవరికీ తెలియదని ఆయనే చెప్పాడు. తేదీ వేసినవాడు క్రీస్తు చెప్పనిదాన్ని చెబుతున్నాడు. తేదీ దాచిన ప్రభువు ప్రశ్నపత్రం మాత్రం ముందే బయటపెట్టాడు. ఆకలిగొన్నవానికి పెట్టావా? బట్టలేనివానికి ఇచ్చావా? రోగిని, ఖైదీని చూడబోయావా? తుది తీర్పులో ఆయన అడిగేవి ఇవే. నీ కూతురి చదువు కూడా ఆయన రాజ్యానికి చెందిన పనే. ఆ రాజ్యానికి భయపడి దాన్ని ఆపవద్దు.

కరపత్రంలోని తేదీ వచ్చింది, వెళ్లిపోయింది. ఆ అమ్మాయి ఇంటర్ పూర్తి చేసింది.

ప్రియ పాఠకులారా, ఈసారి క్రీస్తురాజు పండుగకు పూలదండతో పాటు మరో కానుక సిద్ధం చేయండి. మీ వాడలో మగ్గం అప్పులతో కుంగిపోయిన ఇల్లు ఒకటి ఉండవచ్చు. గల్ఫు జైల్లో కొడుకు చిక్కుకుని, ఉత్తరం రాయించుకోవడానికి మనిషి దొరకని ముసలి తల్లి ఉండవచ్చు. పండుగకు ముందే ఆ గడప తొక్కిరండి.

క్రీస్తురాజు మీ కుటుంబాలను దీవించునుగాక.