గాజుపాత్రలో కడలి

ఫిలిప్ హెన్రీ గాస్ 1810వ సంవత్సరమున ఇంగ్లాండులోని వూస్టరు నగరమున జన్మించెను. తండ్రి ఊరూర తిరిగి చిన్న చిత్తరువులు వ్రాసి జీవించు చిత్రకారుడు. ఆ వృత్తిలో పేరెట్లున్నను కాసులు మాత్రము తక్కువ. పిదప కుటుంబము పూల్ అను రేవుపట్టణమునకు చేరెను. అచట నివసించు మేనత్తకు ప్రకృతిశాస్త్రమునందు ఆసక్తి మెండు. రాతిగుంటలలో పూవులవలె విచ్చుకొను ఎనిమోనులను గూర్చి బాలునకు తెలిపి, వానిని ఉప్పునీటి పాత్రలో ఉంచి చూడుమని ప్రోత్సహించినది ఆమెయే.

పదునేడవ యేట గాస్ పొట్టకూటికై న్యూఫౌండ్‌లాండు ద్వీపమునకు పోయి, ఒక వర్తకుని కొట్టులో గుమాస్తాగ చేరెను. ఎనిమిదేండ్లు అచట గడపి, కెనడాలో సేద్యము చేసి నష్టపోయెను. అమెరికాలోని అలబామాలో కొన్నినెలలు బడిపంతులుగ నుండెను. 1844లో జమైకాకు పోయి పక్షులను పరిశీలించెను. 1848లో ఎమిలీ బోస్ అను విదుషీమణిని పెండ్లాడెను. మరుసటి యేట ఎడ్మండు అను కుమారుడు కలిగెను.

1852లో అధికశ్రమచే ఆరోగ్యము చెడగా, గాస్ కుటుంబముతో డెవన్ తీరమునకు వచ్చి, ఒడ్డున దొరకిన జీవులను పాత్రలలో పెంచ మొదలిడెను. ఇట్టి పాత్రలలో కొలది దినములకే నీరు కుళ్ళి జీవులు చచ్చుట ఆనాడు సాధారణము. తరచుగ క్రొత్తనీరు పోసినగాని అవి నిలువవు. సముద్రమునకు దూరముగ నున్నవారికి అది యెట్లు సాధ్యమగును?

మంచినీటి విషయమున ఈ చిక్కు అప్పటికే కొంత విడియుండెను. 1850లో రాబర్టు వారింగ్‌టన్ అను లండను రసాయనశాస్త్రజ్ఞుడు పాత్ర అడుగున ఇసుకయు మట్టియు పరచి, నీటిమొక్కలు నాటి, బంగారుచేపలను పెంచెను. కుళ్ళిన ఆకులను తినుటకు నత్తలను విడిచెను. మొక్కలు వెలుగులో ప్రాణవాయువును విడుచును. చేపలు దానిని పీల్చును. నీరు మార్చకయే ఆ పాత్ర నిలిచెను. ఉప్పునీటను ఇదే ఉపాయము నెగ్గునా యని వారింగ్‌టనును గాసును వేరువేరుగ ప్రయత్నించిరి. 1853లో లండను జంతుప్రదర్శనశాలలో మత్స్యశాల తెరువబడినపుడు అందలి సముద్రజీవులలో పెక్కింటిని సేకరించి పంపినవాడు గాస్. 1854లో అతడు ప్రకటించిన గ్రంథముతో అక్వేరియమను పేరు లోకమున స్థిరపడెను.

ఆ యేడు ఏప్రిల్ 21న గాస్ సముద్రజలమును ఇంటిలోనే తయారుచేయ బూనెను. సుమారు నాలుగున్నర లీటర్ల నీటికి నూరు గ్రాముల వంటయుప్పును, కొలదిగ భేదియుప్పును, మెగ్నీషియం క్లోరైడును, పొటాషియం క్లోరైడును కలిపెను. సముద్రమున సున్నము కూడ గలదు. కాని దానిని వేరుగ కలుపలేదు. పాత్ర అడుగున వేయు చిప్పముక్కలు, పగడపు తునుకలే కావలసిన సున్నము నిచ్చునని అతని తలపు. అడుగున పరచునది అలంకారమునకు మాత్రమే కాదని అతడు ఎరిగియుండెను.

మరునాడు అందు సగము నీటిని వడియగట్టి, మిఠాయి అంగడిలో వాడు గాజుపాత్రలో పోసెను. ఒడ్డున ఏరిన చిన్న గులకరాళ్ళను మంచినీట బాగుగ కడిగి అడుగున పరచెను. పచ్చని నాచు మొలచిన రాతితునుకలను ఒకటిరెండు ఉంచెను. అంతటితో ఆగెను. ప్రకృతిలో ముందు మొక్కలు, పిదప జంతువులు. ఆ క్రమమునే తన పాత్రలోను పాటింప నెంచెను. వారము గడచునప్పటికి గాజుపై పచ్చని పూత పట్టెను. ఎండ తగిలినపుడు నాచునుండి బుడగలు లేచుచుండెను. అప్పుడుగాని ఎనిమోనులను, గొట్టములలో నివసించు పురుగులను విడువలేదు. అవి నానాటికి పుష్టిగ నుండెను.

ఆగుట మేలే, కాని అందుకు గాస్ తలచిన కారణము సగమే. జీవుల వ్యర్థములనుండి అమోనియా అను విషము పుట్టును. ఇసుకను, రాళ్ళను అంటిపెట్టుకొని పెరుగు సూక్ష్మజీవులలో ఒక తెగ దానిని నైట్రైటుగను, మరియొక తెగ ఆ నైట్రైటును అంతగా హానిచేయని నైట్రేటుగను మార్చును. క్రొత్త ఇసుకలో ఇవి తగినన్ని ఉండవు. అందుచేతనే నేడు ఉప్పునీటి తొట్టిని అమర్చువారు ఇసుకను కడిగి పరచి, పలువారములు వేచియుందురు. ఇసుక మందముగ పేరుకొని, మురికి చేరినచో అడుగునకు ప్రాణవాయువు అందదు. అట్టి ఇసుక నల్లబడి కుళ్ళిన గ్రుడ్ల కంపు కొట్టును. నేలలో అమోనియా ఇట్లు రెండు మెట్లలో మారునని తేల్చినవారిలో వారింగ్‌టన్ కుమారుడొకడు. అతని పేరును రాబర్టే. తండ్రి బంగారుచేపలను పెంచునాటికి అతడు బాలుడు.

గాసు గ్రంథములు చదివినవారు ఉలులు, సుత్తులు పట్టుకొని గుంపులుగ తీరములకు పోయిరి. ఇంటింట తొట్లు వెలసెను. పెక్కు త్వరలోనే పాడుపడెను. 1857 ఫిబ్రవరిలో ఎమిలీ క్యాన్సరు వ్యాధితో మరణించెను. గాస్ కుమారునితో టార్కీ చెంత స్థిరపడి, ఆ పసివానిని వెంటగొని నడుములోతు నీట నిలిచి గుంటలను వెదకెను. ఎనిమోనులను గూర్చిన బృహద్గ్రంథమును 1860 నాటికి ముగించెను. అందలి చిత్తరువులను గూడ తానే గీచెను. కాని తన గ్రంథములే తీరపు కొల్లకు దారితీసినవని అతడు మిక్కిలి నొచ్చుకొనెను. 1888 ఆగస్టు 23న అతడు మరణించెను. 1907లో ఎడ్మండు తండ్రిని గూర్చి ఒక గ్రంథమును ప్రకటించి, బాల్యమున తాను చూచిన రంగురంగుల రాతిగుంటలు మరి కానరావని అందు వ్రాసెను.