సొంత గడ్డ మీద దొరకని వీసా

హైదరాబాద్ నుంచి బీజాపూర్ వెళ్ళే రహదారిపై, అజీజ్‌నగర్ దాటి మొయినాబాద్ మీదుగా చేవెళ్ళ దాకా నేను ముప్పై ఏళ్ళుగా తిరుగుతున్నాను. ఒకప్పుడు ఈ దారికి ఇరువైపులా మర్రిచెట్లు, వాటి వెనుక కూరగాయల తోటలు మాత్రమే కనిపించేవి. ఇప్పుడు ఆ మర్రిచెట్ల నడుమ ఇంజనీరింగ్ కళాశాలల కమానులు వెలిశాయి. కాస్త పక్కకు తిరిగితే చిలుకూరు. విదేశీ చదువును కోరుకునే పిల్లలు అక్కడి బాలాజీ గుడి చుట్టూ 11 ప్రదక్షిణలు చేసి మొక్కుకుంటారు. కోరిక తీరాక 108 ప్రదక్షిణలతో మొక్కు చెల్లిస్తారు. హుండీ లేని ఆ గుడి దేవునికి జనం పెట్టుకున్న పేరు వీసా బాలాజీ.

ఇటీవల నా పూర్వ విద్యార్థి ఒకడు ఇంటికి వచ్చాడు. చేవెళ్ళ పక్క పల్లెలో మాదిగవాడ పిల్లవాడు. తల్లి పూలతోటల్లో కూలికి పోతుంది. ప్రభుత్వ విదేశీ విద్యానిధికి ఎంపికై అమెరికా వెళ్తున్నాడు. గది ఎలా వెతుక్కోవాలి, తిండి ఎలా, ఖర్చు ఎలా కుదించుకోవాలి అని అడిగాడు. చివరన, కాస్త తటపటాయించి, గదిలో ఉండే మన తెలుగువాళ్ళు ఇంటిపేరు అడిగితే ఏం చెప్పాలి సార్ అన్నాడు. మొదటి ప్రశ్నలకు ఏవో జవాబులు చెప్పగలిగాను. చివరి ప్రశ్నకు మాత్రం వెంటనే జవాబు తోచలేదు. 1913లో అదే దేశానికి చదువు కోసం వెళ్ళిన మరో విద్యార్థి జీవితాన్ని అతనికి చెప్పాను. ఆ విద్యార్థి పేరు భీమ్‌రావ్ రాంజీ అంబేద్కర్.

రాజ్యాంగ నిర్మాతగా అంబేద్కర్ మనందరికీ తెలుసు. మొయినాబాద్, చేవెళ్ళ కూడళ్ళలో వేలెత్తి చూపే ఆయన రూపమూ తెలుసు. విదేశంలో గది వెతుక్కున్న విద్యార్థిగా ఆయనను తలచుకునేవారు తక్కువ. 1891 ఏప్రిల్ 14న మౌ పట్టణంలో ఒక మహర్ సుబేదార్ ఇంట పుట్టిన ఆ బాలుడు బడిలో గోనెపట్టా మీద విడిగా కూర్చున్నాడు. కుండను తాకే హక్కు అతనికి లేదు. బంట్రోతు పైనుంచి పోస్తేనే నీళ్ళు. బంట్రోతు రాని రోజున దాహంతోనే ఇంటికి చేరేవాడు. అలాంటి బాల్యం నుంచి బొంబాయిలో బి.ఏ. దాకా చేరడమే ఆ కాలానికి అపురూపం.

1913 ఫిబ్రవరిలో తండ్రి మరణించారు. అదే ఏడు బరోడా మహారాజు శాయాజీరావు గైక్వాడ్ విదేశీ చదువుకు ఉపకార వేతనం మంజూరు చేశారు. నెలకు పదకొండున్నర పౌండ్లు, మూడేళ్ళ గడువు. చదువు ముగిశాక పదేళ్ళు బరోడా సంస్థానంలో కొలువు చేయాలన్న షరతు మీద సంతకం పెట్టి, 22 ఏళ్ళ అంబేద్కర్ జూలైలో న్యూయార్క్ చేరుకున్నారు.

కొత్త చోట కుదురుకోవడం ఆయనకూ తేలిక కాలేదు. కొలంబియా విశ్వవిద్యాలయ వసతిగృహం హార్ట్‌లీ హాల్‌లో తిండి పడలేదు. కొద్ది రోజులకే అక్కడి నుంచి భారతీయ విద్యార్థులు కొందరుండే కాస్మోపాలిటన్ క్లబ్‌కు మారారు. చివరికి లివింగ్‌స్టన్ హాల్‌లో నావల్ భథేనా అనే పార్సీ విద్యార్థితో కలిసి గది తీసుకున్నారు. ఆ గదిలో మొదలైన స్నేహం జీవితాంతం నిలిచింది. వచ్చే సొమ్ములోనే కొంత మిగిల్చి ఇంటి దగ్గరున్న రమాబాయికి పంపేవారు. ఇంకా మిగిలితే పాత పుస్తకాల దుకాణాలకు వెళ్ళేవారు.

అయితే ఆ గదుల మార్పులన్నింటిలో ఒక్కచోట కూడా ఆయనను కులం అడ్డగించలేదు. భోజనాల బల్ల దగ్గర ఎవరి పక్కనైనా కూర్చోవచ్చు. గ్రంథాలయంలో ఏ పుస్తకమైనా అందుకోవచ్చు. దాహమైతే తన చేత్తో తానే నీళ్ళు తీసుకోవచ్చు. మనకు ఇవి చిన్న సంగతులు. ఆయనకు అవి జీవితంలో మొదటిసారి. ఆ స్వేచ్ఛను ఆయన చదువుగా మార్చుకున్నారు. ఆర్థికశాస్త్రంలో 29, చరిత్రలో 11, సమాజశాస్త్రంలో 6, తత్వశాస్త్రంలో 5, మానవశాస్త్రంలో 4 పాఠ్యాంశాలు చదివారు. సెలిగ్మన్, జాన్ డ్యూయీ వంటి ఆచార్యుల దగ్గర శిష్యరికం చేశారు. 1915లో ఎం.ఏ. పూర్తయింది. 1916 మే 9న గోల్డెన్‌వైజర్ సదస్సులో భారతదేశంలో కులాల పుట్టుక, పనితీరు మీద పత్రం సమర్పించారు. సొంత కులంలోనే పెళ్ళి అన్న కట్టడి కులవ్యవస్థకు ప్రాణమని అందులో నిరూపించారు. కులాన్ని తన మీద పడిన బరువుగా మాత్రమే ఎరిగిన యువకుడు, ఆ బరువు దిగిన చోట నిలబడి, దాన్ని ఒక యంత్రంగా విప్పి చూడగలిగాడు.

అదే ఏడాది లండన్ వెళ్ళి గ్రేస్ ఇన్‌లోనూ, లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌లోనూ చేరారు. ఇంతలో ఉపకార వేతనం గడువు ముగిసింది. చదువు నడుమనే ఆగిపోయింది. 1917లో ఆయన స్వదేశానికి బయలుదేరారు. వేరే ఓడలో వేసిన సామాను, అందులోని పుస్తకాలు, యుద్ధపు దాడిలో సముద్రం పాలయ్యాయి. అంతకంటే పెద్ద నష్టం గట్టు మీద ఎదురుచూస్తోంది.

షరతు ప్రకారం సెప్టెంబరులో బరోడా చేరారు. మహారాజు కొలువులో ఉన్నతోద్యోగం. కానీ ఊరిలో గది ఇచ్చేవారు లేరు. హిందువుల సత్రాలలో చోటు దొరకదని తెలిసి పార్సీల సత్రానికి వెళ్ళారు. పార్సీ పేరుతో చీటీలో నమోదు చేసుకొని, పాత సామాను నిండిన చీకటి గదుల మధ్య తలదాచుకున్నారు. కార్యాలయంలో కింది ఉద్యోగులు ఫైళ్ళను ఆయన బల్ల మీదికి దూరం నుంచి విసిరేవారు. తాగడానికి నీళ్ళు దొరికేవి కావు. పదకొండో రోజున కర్రలు పట్టుకొని వచ్చిన పార్సీల గుంపు సాయంత్రంలోగా ఖాళీ చేయమంది. ఇద్దరు మిత్రులను ఆశ్రయం అడిగారు. ఒకరు హిందువు, మరొకరు క్రైస్తవుడు. ఇద్దరూ ఏదో ఒక సాకు చెప్పారు. కొలంబియాలో ఎం.ఏ. చేసి, లండన్ దాకా వెళ్ళివచ్చిన ఆ పండితుడు కామాఠీ బాగ్‌లో కూర్చొని కన్నీరు పెట్టుకొని, రాత్రి రైలులో బొంబాయికి తిరిగి వెళ్ళిపోయారు.

విదేశాల్లో గడిపిన ఏళ్ళు తాను అంటరానివాడినన్న స్పృహనే తుడిచివేశాయని, బరోడా స్టేషన్‌లో దిగాక ఎక్కడికి వెళ్ళాలన్న ప్రశ్న ఆ స్పృహను మళ్ళీ మేల్కొల్పిందని ఆయన తర్వాత రాసుకున్నారు. 1930లలో రాసిన ఆ చిన్న ఆత్మకథనానికి పెట్టిన పేరుకు తెలుగు అర్థం వీసా కోసం నిరీక్షణ. 1990లో పుస్తకంగా వచ్చింది. చిత్రమేమంటే, ఆ పుస్తకంలోని ఏ ఘటనలోనూ ఆయనను అమెరికా అడ్డుకోలేదు, ఇంగ్లండు అడ్డుకోలేదు. ఆయన వీసా కోసం ఎదురుచూసింది బరోడాలో, చాలీస్‌గావ్‌లో, దౌలతాబాద్‌లో. ఈ చివరి చోటు మనకు మరీ దగ్గరిది. 1934లో దౌలతాబాద్ కోట నిజాం ఏలుబడిలో ఉండేది. చేవెళ్ళ కూడా అదే రాజ్యంలోది. కోట ముందరి కొలనులో కాళ్ళు, ముఖం కడుక్కున్న పాపానికి ఆయన బృందాన్ని ముస్లింలు చుట్టుముట్టారు. కోటలో ఎక్కడా నీళ్ళు తాకకుండా చూడడానికి సాయుధ సైనికుడిని వెంట పంపారు. అప్పటికి ఆయన రెండు ఖండాలలో చదివిన మేధావి, న్యాయవాది.

ఆ మేధావి కావడానికి ఆయన పడిన పాటు వేరు. బరోడా అవమానం తర్వాత బొంబాయి సిడెన్‌హామ్ కళాశాలలో పాఠాలు చెప్పి డబ్బు కూడబెట్టారు. కొల్హాపూర్ సాహు మహారాజ్ సాయం చేశారు. భథేనా అప్పు ఇచ్చారు. 1920లో మళ్ళీ లండన్. అద్దె ఇంటి ఇల్లాలు పెట్టే పలుచని ఫలహారంతో పగలంతా గ్రంథాలయంలో గడిపి, రాత్రి ఆకలేస్తే అప్పడాలు కాల్చుకొని తిని, తెల్లవారే దాకా చదివేవారు. 1921లో ఎం.ఎస్సీ., 1923లో రూపాయి సమస్య మీద డి.ఎస్సీ. సాధించారు. 1927లో కొలంబియా పిహెచ్.డి. పట్టా అందింది.

తాను ఎక్కిన మెట్లను ఆయన తర్వాతివారికి వదిలి వెళ్ళారు. వైస్రాయ్ కార్యనిర్వాహక మండలిలో సభ్యుడైన వెంటనే షెడ్యూల్డు కులాల ఉన్నత విద్యకు, విదేశీ చదువుకు ప్రభుత్వ ధనం కేటాయించాలని పట్టుబట్టారు. 1944 నుంచి పోస్ట్ మెట్రిక్ ఉపకార వేతనాలు, 1954-55 నుంచి జాతీయ విదేశీ ఉపకార వేతనం అమలులోకి వచ్చాయి. ఇప్పుడు తెలంగాణలో 20 లక్షల రూపాయల సాయం అందించే విదేశీ విద్యానిధికి ఆయన పేరే ఉంది. నా విద్యార్థి విమానం ఎక్కేది ఆ పేరు మీదే.

కానీ 2022లో కేంద్రం జాతీయ విదేశీ ఉపకార వేతనం నిబంధనలు మార్చింది. భారతీయ సంస్కృతి, వారసత్వం, చరిత్ర, భారత సమాజం మీద పరిశోధనలకు ఆ సాయం వర్తించదంది. ఈ నిబంధన 1913లో ఉండి ఉంటే 1916 మే 9 నాటి పత్రం ఆ సొమ్ముతో రాసే వీలు ఉండేది కాదు. గైక్వాడ్ మహారాజు తన విద్యార్థి కులం మీద ఏం రాస్తాడోనని కాపలా పెట్టలేదు. కులాన్ని అనుభవించినవారు దూరం నుంచి దాన్ని పరిశీలించే అవకాశం ఇవ్వడమే ఈ పథకాల అసలు ఫలం. ఆ ఫలాన్నే నిషేధించడం అంబేద్కర్ స్మృతికి న్యాయం కాదు.

ఇక నా విద్యార్థి అడిగిన ప్రశ్న. అంబేద్కర్ వెళ్ళిన అమెరికాలో మనవాళ్ళు వేళ్ళ మీద లెక్కించేంత మంది. ఈనాడు మనం అక్కడ ఊళ్ళకు ఊళ్ళుగా ఉన్నాం, కులాన్ని పచ్చళ్ళతో పాటు కట్టుకొని వెళ్ళాం. బ్రాండైస్ విశ్వవిద్యాలయం 2019లో, కాలిఫోర్నియా స్టేట్ విశ్వవిద్యాలయం 2022లో, సియాటిల్ నగరం 2023లో కుల వివక్షను నిషేధిస్తూ నియమాలు చేయవలసి వచ్చింది. గతంలో వెళ్ళిన నా మరో విద్యార్థి, వంట గిన్నెలు వేరుగా పెట్టుకోమన్న గదిలోని తోటి తెలుగువారి మాట భరించలేక, వేరే దేశాల పిల్లలతో కలిసి గది తీసుకున్నాడు. లివింగ్‌స్టన్ హాల్‌లో భథేనా ఇచ్చిన స్నేహం అతనికి అక్కడ దొరికింది.

ఇంటిపేరు అడిగితే నిజం చెప్పమన్నాను. పార్సీ పేరు బరోడాలో అంబేద్కర్‌ను పదకొండు రోజులే కాపాడిందని గుర్తు చేశాను. సమాధానం చెప్పుకోవలసింది అడిగేవాళ్ళే గాని నువ్వు కాదన్నాను. అతను కాసేపు మౌనంగా ఉండి, మరి తిరిగి వస్తే ఇక్కడ సార్ అన్నాడు.

ఆ ప్రశ్న నన్ను వదలలేదు. మొయినాబాద్‌లో గది కోసం తిరిగే మా దళిత విద్యార్థులను ఇంటి యజమానులు అద్దె సంగతి కంటే ముందు మీరు ఏమోళ్ళని అడుగుతున్నారు. 2023 ఆగస్టు 26న దళిత, గిరిజన డిక్లరేషన్ వెలువడింది ఈ చేవెళ్ళ గడ్డ మీదే. సాయం మొత్తాలతో పాటు, కళాశాలల చుట్టూ కులం అడగని వసతి కల్పించడం, చదువు మధ్యలో ఉపకార వేతనం ఆగకుండా చూడడం, ఏ అంశం చదవాలో విద్యార్థికే వదిలేయడం కూడా ప్రభుత్వం చేయవలసిన పనులే. ఇంటి తలుపు తెరవడం మాత్రం మన పని. అమెరికా వీసా రాయబార కార్యాలయం ఇస్తుంది. అంబేద్కర్ బరోడాలో ఎదురుచూసిన వీసా ఇవ్వవలసినవాళ్ళు ఈ మర్రిచెట్ల దారి మీద ఇళ్ళున్న మనమే.