బ్యాకప్ లేని రోజుల్లో ఒక కోడ్

కోడ్ అంటే మనకి ప్రోగ్రామ్. లాయర్లకి మాత్రం చట్టాలన్నీ ఒక వరసలో పెట్టిన పుస్తకం. అలాంటి కోడ్‌ని రెండుసార్లు రాయాల్సి వచ్చిన ఎడ్వర్డ్ లివింగ్‌స్టన్ గురించి చెప్తాను.

ఆయన 1764లో న్యూయార్క్ రాష్ట్రంలో ఒక పెద్దింట్లో పుట్టారు. 1801 నాటికి న్యూయార్క్ నగర మేయర్, దాంతోపాటు ఫెడరల్ ప్రభుత్వ లాయర్ కూడా. 1803లో ఎల్లో ఫీవర్ వచ్చినప్పుడు ఊరు వదిలి పోకుండా రోగుల్ని చూసుకున్నారు, ఆ జ్వరమే తనకీ అంటుకుంది. అదే సమయంలో ఆయన గుమాస్తా ప్రభుత్వ సొమ్ము వాడేసుకున్నాడని బయటపడింది. తప్పు గుమాస్తాది. అయినా బాధ్యత తనదేనని ఆస్తి అప్పగించి, పదవులు వదిలేసి, ఇంకా మిగిలిన అప్పుతో 1804లో న్యూ ఆర్లియన్స్ చేరారు.

లూసియానాని అమెరికా అప్పుడే ఫ్రాన్స్ దగ్గర కొన్నది. ఫ్రెంచ్ చట్టం, స్పానిష్ చట్టం, కొత్తగా అమెరికన్ పద్ధతి, అన్నీ కలగాపులగం. అక్కడ లాయర్‌గా మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టారు. 1821లో నేరాలకి, శిక్షలకి కొత్త కోడ్ రాసే పని రాష్ట్రం ఆయనకి అప్పగించింది. మరణశిక్షే ఉండకూడదని, జైలు మనిషిని మార్చాలని ఆయన వాదన.

1824లో రాత పూర్తయింది. ఒక రాత్రి ఇంట్లో మంటలు లేచి రాతప్రతి కాలిపోయింది. అప్పటికి వయసు అరవై. మర్నాడే మళ్లీ మొదలుపెట్టి, రెండేళ్లలో పూర్తి చేశారు. 1826లోనే ఆ పాత అప్పు కూడా, వడ్డీతో కలిపి లక్ష డాలర్లకు పైగా, తీర్చేశారు.

ఇంత చేసినా లూసియానా ఆ కోడ్‌ని ఆమోదించలేదు. తర్వాత అమెరికా విదేశాంగ మంత్రిగా పనిచేసి, 1836లో చనిపోయారు.

నన్ను ఆపేసిన విషయం ఆ తర్వాతిది. 1837లో మెకాలే బృందం మన దేశానికి శిక్షాస్మృతి ముసాయిదా తయారుచేసినప్పుడు ముందు పెట్టుకున్నవాటిలో లివింగ్‌స్టన్ కోడ్ ఒకటి. అదే 1860లో ఇండియన్ పీనల్ కోడ్ అయింది, 2024 జూన్ దాకా మన ఊళ్లలో నడిచింది. మరణశిక్ష వద్దన్న మాట మాత్రం మెకాలే తీసుకోలేదు. ఆ వాదన మన దగ్గర ఇంకా తేలలేదు.