ఆరు పోటీల సంవత్సరము: బెన్ హోగన్ జీవితము

గాల్ఫు మన పల్లెలకు పరిచయమైన ఆట కాదు. విశాలమైన పచ్చిక బయలులో ఒకదాని తరువాత ఒకటిగా పదునెనిమిది చిన్న గుంటలుండును. కొన వంగిన కఱ్ఱతో బంతిని కొట్టుచు, గుంటనుండి గుంటకు నడచుచు, అన్నిటియందును ఆ బంతిని వేయవలెను. తక్కువ దెబ్బలతో ముగించినవాడే విజేత. మన పిల్లలాడు బిళ్ళంగోడులో ఎంత దూరము కొట్టిన అంత గొప్ప. ఇందులో దూరముతోపాటు గుఱియు కావలెను. అన్నిటికంటె ముఖ్యముగా కాళ్ళు కావలెను. పదునెనిమిది గుంటలు ఒక్కసారి చుట్టివచ్చుటకు నాలుగైదు మైళ్ళ నడక పట్టును. ఈ సంగతిని పాఠకులు జ్ఞప్తియందుంచుకొందురు గాక. ఇచ్చట చెప్పబోవు బెన్ హోగన్ చరిత్ర చాలవఱకు కాళ్ళ చరిత్రయే.

హోగన్ 1912 ఆగస్టు 13వ తేదీన అమెరికాలోని టెక్సస్ రాష్ట్రమున స్టీఫెన్‌విల్ అను ఊర జన్మించెను. తండ్రి చెస్టర్ కమ్మరి. మోటారు బండ్లు హెచ్చి కొలుములు చల్లారుచున్న దినములవి. కుటుంబము ఫోర్ట్‌వర్త్ నగరమునకు తరలివచ్చిన కొలది కాలమునకే, 1922లో, తండ్రి తుపాకితో కాల్చుకొని మరణించెను. బెన్ అప్పటికి తొమ్మిదేండ్ల బాలుడు. తల్లి కుట్టుపనికి పూనుకొనెను. అన్న చదువు మాని పనిలో చేరెను. బెన్ రైలు స్టేషనులో వార్తాపత్రికలు అమ్మెను. గ్లెన్ గార్డెన్ అను క్లబ్బులో ఆటగాండ్ర కఱ్ఱల సంచులు మోసినచో ఆటకు 65 సెంట్లు ఇత్తురని విని, మైళ్ళకొలది నడచి అచ్చటికి పోయెను. అట్లు సంచులు మోయు పిల్లలను కేడీలందురు.

ఆ కేడీలలోనే బైరన్ నెల్సన్ అను మఱియొక బాలుడుండెను. ఇద్దఱును ఒకే యేట పుట్టినవారు. 1927లో కేడీలకు జరిగిన పోటీలో ఇద్దఱును సమముగా నిలువగా, మరల ఆడించిరి. నెల్సన్ ఒక్క దెబ్బ తేడాతో గెలిచెను. ఒకే క్లబ్బు సంచులు మోసిన ఇద్దఱు పేద బాలురు తరువాత ప్రపంచ ప్రసిద్ధులగుట అరుదైన విషయము.

1930లో హోగన్ ఆటనే వృత్తిగా చేపట్టెను. అది వృత్తి యనుటకంటె ఆకలి యనుట సరి. బంతి ఎడమకు వంకర తిరుగుట ఆతని తెగులు. పలుమార్లు చేతిలో కాసులేక ఇంటికి మరలెను. 1935లో వాలెరీ ఫాక్స్‌ను వివాహమాడెను; ఆమెయు ఆతనితో ఊరూర తిరిగి కష్టములు పంచుకొనెను. 1938లో ఓక్లండ్ పోటీ జరుగుచుండగా, ఒక రాత్రి దొంగలు వారి కారు చక్రములను ఊడదీసికొనిపోయిరి. ఆ పోటీలో బహుమతి సొమ్ము కొంత దక్కుటచేత గాని ఆట సాగియుండదు. ఉదయమునుండి సాయంకాలమువఱకు ఒంటరిగా బంతులు కొట్టుచు తన లోపమును దిద్దుకొనెను. ఒంటరిగా గెలిచిన మొదటి విజయము 1940లో, అనగా వృత్తిలో చేరిన పదేండ్లకు, లభించెను. అది మొదలు ఆగలేదు. సైన్యపు విమానదళములో సేవ ముగించి వచ్చిన పిమ్మట, 1946లో 13 పోటీలు గెలిచెను. 1948లో అమెరికా ఓపెన్ అను జాతీయ పోటీయు ఆతనిదే యయ్యెను.

1949 ఫిబ్రవరి 2వ తేదీన హోగన్ దంపతులు కారులో ఇంటికి మరలుచుండిరి. టెక్సస్‌లోని వాన్ హార్న్ సమీపమున దట్టమైన పొగమంచు క్రమ్మియుండెను. ముందు పోవు లారీని దాటవలెనని ఎదుటినుండి వచ్చిన బస్సొకటి వారి కారును సూటిగా ఢీకొట్టెను. ఆ క్షణమున హోగన్ భార్యను కాపాడుటకై ఆమె మీదికి వాలెను. స్టీరింగు గొట్టము ఆతడు కూర్చుండిన చోటును చొచ్చుకొనిపోయెను. వాలకున్నచో బ్రతికెడివాడు కాడు. తుంటి ఎముక రెండు చోట్ల విరిగెను. ఎడమ చీలమండయు చితికెను. ఆస్పత్రిలో ఉండగా కాళ్ళలో గడ్డకట్టిన రక్తము ప్రాణమునకు ముప్పు తెచ్చెను. న్యూ ఆర్లియన్సు నుండి విమానముపై వచ్చిన ఆల్టన్ ఆక్స్‌నర్ అను వైద్యుడు, కాళ్ళనుండి గుండెకు రక్తము చేర్చు పెద్ద సిరను కట్టివేసి ఆ ముప్పు తప్పించెను. కాని పెద్ద కాలువను మూసినచో నీరు చిన్న బోదెలవెంట పోవలెను గదా. నాటినుండి జీవితాంతము, కొంత నడచినంతనే ఆతని కాళ్ళు వాచెడివి.

అట్టివాడు పదునొకండు మాసములకు మరల బయలులో దిగెను. ఆటకు ముందు చీలమండనుండి తొడవఱకు పట్టీలు చుట్టుకొనుట, ఆట ముగిసిన పిమ్మట వేడినీటి తొట్టిలో కాళ్ళు నానబెట్టుకొనుట నిత్యకృత్యమయ్యెను. 1950 జూనులో అమెరికా ఓపెన్ మరల గెలిచినప్పుడు, చివరి దినమున రెండు చుట్లును, ముగ్గురు సమముగా నిలుచుటచే మఱునాడొక చుట్టును నడువవలసివచ్చెను.

ఇక 1953. నెల్సన్ 1945లో 18 పోటీలు గెలిచి, అందు పదునొకండింటిని వరుసగా గెలిచియుండెను. హోగన్ కాళ్ళు అన్ని పోటీలకు ఓర్వవు. కావున ఆ సంవత్సరమంతయు ఆతడు పాల్గొన్నవి ఆరు మాత్రమే, గెలిచినవి ఐదు. ఏ రెండు సంవత్సరములలో ఏది మిన్న యని ఆట ఎఱిగినవారు వాదించుకొందురు. నా మట్టుకు, మిగిలిన కొద్ది బలమును లెక్కచూచి వెచ్చించినవాని సంవత్సరమే మనస్సునకు హత్తుకొనును.

ఏప్రిలులో ఆగస్టా నగరమున మాస్టర్స్ పోటీ జరిగెను. నాలుగు చుట్లకు 274 దెబ్బలు. అంతకుముందటి రికార్డుకంటె ఐదు తక్కువ. తరువాత మెక్సికో నగరమునను, సొంత ఊరగు ఫోర్ట్‌వర్త్‌లోను గెలిచెను. జూనులో కఠినమైనదని పేరు పొందిన ఓక్‌మంట్ బయలులో అమెరికా ఓపెన్. మొదటి దినమున అందఱికంటె ముందు నిలిచి, కడవఱకు ఆ స్థానము విడువక, శామ్ స్నీడ్‌ను ఆరు దెబ్బల తేడాతో ఓడించెను.

బ్రిటిషు ఓపెన్ మిగిలెను. ఆతడెన్నడును ఆ పోటీలో ఆడియుండలేదు. స్కాట్లండు తూర్పు తీరమున కార్నూస్టీ అను చోట, సముద్రపు గాలిలో, గట్టినేలపై ఆ ఆట. అచ్చటి బంతియు అమెరికా బంతికంటె ఇంచుక చిన్నది. మొదటి బహుమతి 500 పౌనులు. అమెరికా ఓపెన్ బహుమతిలో మూడవవంతైనను కాదు. సొమ్మునకై పోయినవాడు కాడని తెలియుచునే యున్నది. రెండు వారములు ముందుగా చేరి, స్నానపు తొట్టి గల బసను ఏరుకొని, ఆ నేలను, ఆ బంతిని అభ్యసించెను. ఎంతటి విజేతయైనను అర్హత కొఱకు ముందుగా రెండు చుట్లు ఆడితీరవలెనన్నది అచ్చటి నియమము, అదియు ఆడెను. పోటీలో మొదటి దినము 73, రెండవ దినము 71. మూడవ దినము రెండు చుట్లు. ఆనాడు జ్వరము తగిలి, పెన్సిలిన్ సూదిమందు వేయించుకొని దిగెను. ఉదయము 70, మధ్యాహ్నము 68. కాళ్ళు బలహీనపడుకొలది దెబ్బల సంఖ్య తగ్గుచు వచ్చెను! నాలుగు దెబ్బల తేడాతో గెలిచెను. పెదవి కదపక, ముఖమున ఏ వికారమును చూపక నడచు ఆ పొట్టివానిని స్కాట్లండు జనులు చిన్న మంచుమనిషి యని ముద్దుగా పిలిచిరి. జూలై 21న న్యూయార్కు నగరము ఆతనిని ఊరేగించి, మేడలమీదనుండి కాగితపు ముక్కలు వర్షముగా కురిపించెను.

నాలుగు మహాపోటీలలో నాలుగవది వృత్తిగాండ్ర సంఘపు పోటీ. అది ఆ యేడు బ్రిటిషు ఓపెన్‌తో తేదీలు కలిసి వచ్చెను. కలియకున్నను, దినమునకు రెండేసి చుట్లు పలుదినములు ఆడించు ఆ పోటీ ఆ కాళ్ళకు మించినది. ఒకే యేట మూడు మహాపోటీలు గెలిచిన వృత్తిగాడు, 2000లో టైగర్ వుడ్స్ గెలుచువఱకు, మఱియొకడు లేకపోయెను.

ఆపై హోగన్‌కు మహాపోటీ దక్కలేదు. 1953లోనే గాల్ఫు కఱ్ఱలు చేయు కర్మాగారమును స్థాపించి, మొదట తయారైనవి తన మనస్సునకు నచ్చక అమ్మనీయలేదు. 1955లో అమెరికా ఓపెన్ చేతికందినట్లే యుండగా, ఎవరును పెద్దగా ఎఱుగని జాక్ ఫ్లెక్ అనునాతడు సమముగా నిలిచి, మఱునాటి ఆటలో ఓడించెను. ఫ్లెక్ చేతిలోని కఱ్ఱలు హోగన్ కర్మాగారపు కఱ్ఱలే. 1957లో తాను నేర్చినదంతయు ఐదు పాఠములుగా గ్రంథరూపమున వెలువరించెను. మాటలలో పిసినారి యని పేరు మోసినవాడు పుస్తకమున ఏదియు దాచుకొనలేదు.

1971లో హ్యూస్టన్ పోటీలో మోకాలి బాధచే నడుమనే ఆట చాలించి మరలెను. అదే ఆతని కడపటి పోటీ. 1997 జూలై 25వ తేదీన, తన 84వ యేట, ఫోర్ట్‌వర్త్‌లో మరణించెను. వాలెరీ రెండేండ్ల తరువాత కన్నుమూసెను.